ఫిట్టింగ్ ఫ్రీ

మొన్న మే నెలలో మిర్యాలగూడలో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లాను. కొత్త ఇల్లు, మూడు గదుల్లో మూడు ఏసీలు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నాయన బియ్యం వ్యాపారి. ఆయన గోడ మీది ఏసీని చూపించి, "ఒకప్పుడు ఏసీ అంటె ఒక ఇజ్జత్ ఉండె. ఇప్పుడేమున్నది? గొర్లు కాసెటోళ్లు గూడ పెట్టుకుంటున్నరు" అన్నాడు. పంక్తిలో నలుగురైదుగురు నవ్వారు.

"పెట్టుకుంటె నీ సొమ్మేం పోయింది?" అన్నాను. నా గొంతు నేను అనుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది. వడ్డించే మనిషి గరిటె పట్టుకుని ఆగిపోయాడు.

ఆయన నా వైపు తిరిగి, "నిన్నేమన్న అన్ననా? మాటవరసకన్న" అన్నాడు. నిజమే, మాటవరసకే అన్నాడు. నేను విస్తరి ముందు నుంచి లేచాను. మా ఆవిడ బయటికి వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను. ఒక్క మాటలో చెప్పే సంగతి కాదది.

గొర్రెలు కాసుకునేవాళ్లలో ఏసీ కొన్న మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆమెకు దాన్ని అమ్మింది నేనే.

ఆమె పేరు నాకు తెలియదు. బిల్లు భర్త పేరు మీద రాశాం. వారంటీ కార్డు మీదా ఆయన పేరే. షాపులో అందరం ఆమెను "గొర్లామె" అనేవాళ్లం. ఆ తర్వాత ఆమె గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం గానీ, ఆమె పేరేమిటని ఒక్కరమూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు నేను సూర్యాపేటలో టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలు అమ్మే షాపులో సేల్స్‌మన్‌ని. షాపు ఓనరుది కోదాడ. ఆయన్ని మేమంతా సేటు అనేవాళ్లం. షాపు ముందు అద్దం మీద ఎర్ర అక్షరాలతో "ఏసీ కొనండి, ఫిట్టింగ్ ఫ్రీ" అని ఉండేది. నా చేతిరాత బాగుంటుందని ఆ అక్షరాలు సేటు నాతోనే రాయించాడు.

ఫ్రీ అంటే ఎంతవరకు ఫ్రీయో నాకు తెలుసు. ఏసీతో పాటు వచ్చిన పది అడుగుల పైపుతో లోపలి పెట్టెనూ బయటి పెట్టెనూ కలిపి, స్విచ్చి వేసి చూపించడం వరకే. బయటి పెట్టె కూర్చోవడానికి ఇనుప స్టాండు కావాలి. పది అడుగులు చాలకపోతే రాగి పైపు కొనాలి. మీటరు నుంచి గది దాకా మందపాటి వైరు లాగాలి. ఎర్తింగు గుంట తవ్వాలి. స్టెబిలైజరు పెట్టాలి. ఇవేవీ ఫ్రీ కాదు, ఇవి లేకుండా ఏసీ నడవదు. నేను పనిలో చేరిన మొదటి వారంలోనే సేటు నాకు చెప్పాడు: "మొత్తం లెక్క ముందే చెబితే ఎవడూ కొనడు. ముందు పెట్టె ఇంటికి పోనివ్వు. పెట్టె పోయిన తర్వాత మిగతావి వాళ్లే కొనుక్కుంటారు."

నేను ఆ మాటను పాఠంలా నేర్చుకున్నాను.

ఆమె ఒక మార్చి నెల మధ్యాహ్నం వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పొడుగు మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తలుపు పక్కన గోడకు వీపు ఆనించి గొంతుక్కూర్చుంది. ఆమె మాట్లాడితే షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. చిన్నప్పటి నుంచి గుట్ట మీది గొర్రెలను కింది నుంచి అదిలించిన గొంతు. నాలుగు గోడల మధ్య ఎంత తగ్గించాలో దానికి తెలియదు.

"ఏసీ ఎంత తమ్మీ?"

"ఎంత గదికి అక్కా?"

"ఒక్క మనిషి పండుకునే అర్రకు."

చిన్న స్ప్లిట్ ఏసీ చూపించాను. ఇరవై నాలుగు వేలు అన్నాను. ఆమె కాసేపు కళ్లు మూసుకుని పెదవులు కదిలించింది.

"ఆరు గొర్లు" అంది.

నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆమె దేన్నీ రూపాయల్లో అనుకోదు. ఎంత పెద్ద మొత్తమైనా మందలోకి తీసుకుపోయి, ఏ గొర్రెలు పోవాలో ఎదురుగా చూసుకుంటేనే ఆమెకు ధర అర్థమవుతుంది. ఆరు గొర్రెలు అన్నప్పుడు ఏ ఆరో కూడా ఆమెకు తెలుసు.

వేలాడుతున్న ఏసీ ముందు నిలబడి, అరచేతిని కాదు, చేతి వెనక భాగాన్ని గాలికి పెట్టింది. ఆ తర్వాత అదే చేతిని తన మెడకు ఆనించుకుంది. ఆమెకు అది అలవాటు. గోడను, నేలను, మనిషి నుదుటిని, దేన్నైనా చేతి వెనకతోనే చూసేది.

"ఎవరికి అక్కా?" అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

చెప్పింది. తుంగతుర్తి దగ్గర పల్లె వాళ్లది. రెండేళ్ల కింద గొర్రెలకు మండ కొట్టడానికి భర్త చెట్టెక్కి, కొమ్మ విరిగి కిందపడ్డాడు. మెడ ఎముక విరిగింది. హైదరాబాద్ దవాఖానలో మూడు నెలలున్నారు. ప్రాణం మిగిలింది. చేతులు మోచేతుల దాకా కదులుతాయి, కింద ఏమీ లేదు. "మెడ కింద సెమట పట్టది తమ్మీ. సెమట పడితేనె గదా మనిషి సల్లబడేది. మనకు ఎండ బయట ఉంటది, మావోనికి లోపట ఉంటది. పగటీలి అయ్యేటాలకు పెనం లెక్క కాలుతడు. తడిబట్టలు ఏసి ఏసి పాణం పోతాంది. సల్లటి అర్రల ఉంచకుంటె ఎండకాలం దాటడని డాక్టరు చెప్పిండు." అరవై గొర్రెలుండేవట. దవాఖానకు నలభై పోయాయి.

"ఫిట్టింగుకెంత?"

"ఫ్రీ అక్కా." అద్దం మీద రాసింది చూపించాను. ఆమెకు చదువు రాదు.

"ఇంకేమన్న ఉన్నదా? ఉంటె అన్ని ఒక్కపారే చెప్పు. పక్కింటోళ్లకు మనిషిని అప్పజెప్పి వచ్చిన. మల్ల మల్ల వచ్చేటంత తీరిక లేదు."

"ఏం లేదు అక్కా."

తుంగతుర్తి వైపు పల్లెల్లో ఆ రోజుల్లో పగలు కరెంటు ఎంతసేపు ఉండేదో నాకు తెలుసు. పొద్దున పోతే పొద్దుగూకినాక వచ్చేది. వచ్చినా బల్బు ఎర్రగా మినుకుమినుకుమనేది. ఏ పూట చల్లదనం కావాలో ఆ పూట ఆ ఊళ్లో కరెంటే ఉండదు. మా మేనత్త ఊరు అటే, నాకు తెలియకపోవడం ఏమిటి? ఆమె అడగలేదు, నేను చెప్పలేదు అని చాలాకాలం అనుకున్నాను. అబద్ధం. ఆమె అడిగింది. ఇంకేమన్న ఉన్నదా అని అడిగింది.

నాలుగు రోజుల తర్వాత డబ్బు కట్టి, ట్రాలీ ఆటోలో ఏసీ తీసుకుపోయింది. మర్నాడు ఫిట్టర్‌తో పాటు సేటు నన్ను కూడా పంపాడు. ఫిట్టరు బిగించడానికి, నేను మిగతా సామాను అమ్మడానికి.

రెండు అర్రల పెంకుటిల్లు. లోపలి అర్రలో నులక మంచం మీద ఆయన. బక్క మనిషి, కళ్లు మాత్రం పెద్దవి. మమ్మల్ని చూసి లేవలేనందుకు సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "నేనొద్దన్న సారూ, ఇనలే" అన్నాడు.

"నువ్వు ఊకో" అందామె, బయట నుంచే.

ఫిట్టరు ఒక్కొక్కటే చెప్పాడు. స్టెబిలైజరు అన్నాడు. ఆమె నా ముఖం చూసింది. తర్వాత ఫిట్టరును చూసి, "ఎంత?" అంది. చెప్పాడు. "ఒక గొర్రె" అంది. స్టాండు, ఎక్కువ పైపు. "ఇంకొక గొర్రె." మీటరు నుంచి వైరు. "గా సూడి గొర్రె గూడ పోవాలె ఇగ." ప్రతిసారీ అదే అడిగింది, "ఇంకేమన్న ఉన్నదా?" ప్రతిసారీ ఇంకొకటి ఉంది. ఎర్తింగు గుంటకు కూలి అనగానే మాత్రం ఫిట్టరు చేతిలో గడ్డపార గుంజుకుంది. చీర కుచ్చెళ్లు దోపుకుని ఆ ఎండలో తనే తవ్వింది. బొగ్గులూ ఉప్పూ తనే తెచ్చి పోసింది. ఇంటి ముందు చేరిన వాళ్లలో ఎవరో "మహారాణికి ఏసీ వస్తాంది" అన్నారు. ఇంకెవరో "ఏసీ పెట్టుకున్నోళ్లకు పింఛనెందుకు మరి?" అన్నారు. ఆమె గడ్డపార ఎత్తి పట్టుకుని వాళ్ల వైపు చూసింది. అందరూ ఎవరి దారిన వాళ్లు పోయారు.

పొద్దుగూకుతుండగా కరెంటు వచ్చింది. ఏసీ మూలుగుతూ మొదలై, కాసేపటికి చల్లగాలి వదిలింది. ఆమె చేతి వెనకను గాలికి పెట్టి, ఆయన నుదుటి మీద ఆనించింది. ఆయన కళ్లు మూసుకుని, "కార్తీకం లెక్క ఉన్నదే" అన్నాడు. ఆమె పెద్దగా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పది నిమిషాలకు ఊళ్లో దీపాలు వెలిగాయి. వోల్టేజీ పడిపోయింది. స్టెబిలైజరు టక్కుమని ఏసీని ఆపేసింది. ఫిట్టరు నా పక్కకు వచ్చి, "ఇది ఈడ నడవదన్నా" అన్నాడు, ఆమెకు వినపడకుండా. సామాను డబ్బులు అప్పటికే నా జేబులో ఉన్నాయి. "కరెంటు పెరిగితె అదే వస్తది అక్కా" అని చెప్పి బండెక్కాను.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. ఆమె రెండుసార్లు షాపుకు వచ్చింది. మొదటిసారి ఏసీ రిపేరు చేయమంది. పాడవలేదని చెప్పాం. రెండోసారి వాపసు తీసుకోమంది. సేటు మర్యాదగానే మాట్లాడాడు. "కరెంటు మా చేతుల్లో ఉంటుందామ్మా? వాడిన పీసు కంపెనీ వెనక్కి తీసుకోదు. మేమేం చేస్తాం చెప్పండి?"

"అమ్మేటప్పుడు నీ పిల్లగాడు కరెంటు సంగతి చెప్పలే" అంది ఆమె.

"మీ ఊళ్లో కరెంటు సంగతి మీకు తెలియదా అమ్మా?"

నిజమే, కరెంటు ఉండదని ఆమెకు తెలుసు. కానీ ఇంత ధర పెట్టిన వస్తువు, ఇంత పెద్ద షాపు, ఇన్ని సామాన్లు. ఇన్ని అడుగుతున్నారంటే దానికేదో ఉపాయం ఉండే ఉంటుందని నమ్మింది. మేము అడిగిన ప్రతి వస్తువూ ఆమెకు ఆ నమ్మకాన్ని పెంచింది. ఆ సంగతి సేటుకు తెలుసు, నాకూ తెలుసు.

మూడోసారి వచ్చినప్పుడు భర్తను తీసుకుని వచ్చింది.

పదకొండు గంటల వేళ షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో నులక మంచం, మంచం మీద గొంగడి, గొంగడి మీద ఆయన, ఆయన మీద తడి బట్ట. బస్టాండు దగ్గరి హమాలీలు నలుగురు మంచం ఎత్తారు. ఆమె ముందు నడిచి అద్దాల తలుపు బార్లా తెరిచింది. మంచాన్ని తెచ్చి షోరూం మధ్యలో, నాలుగు ఏసీల కింద దించారు.

"నా ఏసీ గాలి ఈడ ఉన్నది" అంది ఆమె. "మావోడు ఈడనే ఉంటడు."

సేటు లేచి నిలబడ్డాడు. "ఇదేం పద్ధతమ్మా? పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలువు. ఆళ్లకు గూడ చెప్త."

కొనడానికి వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. సేటు కూర్చున్నాడు. మంచం మీద నుంచి ఆయన నన్ను పిలిచి, "తలుపు మూయండ్రి సారూ, సల్లదనం పోతాంది" అన్నాడు. తన కోసం కాదు, మా కరెంటు వృథా అవుతుందని. కాసేపటికి ఆయన నిద్రపోయాడు. ఎన్నాళ్లకు నిద్రపోయాడో. ఆమె మంచం పక్కన కింద కూర్చుని, చేతి వెనకతో నుదుటిని చూసేది. ముందు నిమిషానికోసారి, తర్వాత అరగంటకోసారి. మధ్యాహ్నం మూడు గంటలకు ఆయన నుదురు చల్లగా ఉన్నట్టుంది. ఆమె కొంగు ముఖం మీద కప్పుకుని తనూ నిద్రపోయింది.

సాయంత్రం ఎండ తగ్గాక మంచం బయటికి మోయించి, ఆ రాత్రికి బస్టాండు పక్క షెడ్డులో ఉండి, మర్నాడు పదింటికి మళ్లీ వచ్చారు. రెండో రోజు ఆయన షాపులో అందరినీ పలకరించాడు. నన్ను దగ్గరికి పిలిచి, నాకు పెళ్లయిందా, మాదే ఊరు అని అడిగాడు. ఏ ఏసీ ఏ ధర అని అడిగి తెలుసుకున్నాడు. ఒక పెళ్లి పార్టీ ఫ్రిజ్ కొనడానికి వచ్చి, మంచం చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆయన మూత్రం సంచీ మంచం కోడుకు వేలాడుతోంది మరి. సేటు కళ్లు ఎర్రబడ్డాయి.

మూడో రోజు మధ్యాహ్నం సేటు నన్ను కౌంటరు దగ్గరికి పిలిచాడు. తల ఎత్తకుండా, "ఏసీలు ఆపెయ్యి. కరెంటు పోయిందని చెప్పు" అన్నాడు.

నేను ఒక్క క్షణం నిలబడ్డాను. ఒక్క క్షణమే. ఆ నిలబడటం కూడా ఎందుకు చెబుతున్నానో తెలుసు, కొంచెం మంచివాడిలా కనబడదామని. కౌంటరు వెనక గోడకు నాలుగు స్విచ్చులున్నాయి. నాలుగూ ఆపాను.

అద్దాల షాపు. పడమటి ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. పావుగంటకు లోపల బయటికన్నా వేడెక్కింది. మంచం మీద ఆయన కళ్లు తెరిచాడు. పెదవులు తడుపుకున్నాడు. ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసి, నా వైపు చూసింది.

"ఎందుకు ఆగింది తమ్మీ?" ఆ గొంతును నేను అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"కరెంటు పోయింది అక్కా."

ఆమె తల పైకెత్తింది. సేటు కుర్చీ మీద పంకా గిరగిరా తిరుగుతోంది. గోడ నిండా టీవీలు, అన్నిట్లో ఒకే బొమ్మ ఆడుతోంది. ఆమె పంకాను చూసింది. మళ్లీ నన్ను చూసింది. తిడుతుందని అనుకున్నాను. ఊరంతా వినపడేలా అరుస్తుందని, అద్దాలు పగలగొడుతుందని అనుకున్నాను. అలా చేసి ఉంటే నాకు బాగుండేది. ఆమె లేచి బయటికి పోయి హమాలీలను పిలుచుకొచ్చింది. ముగ్గురే దొరికారు. నాలుగో కోడు పట్టుకుందామని నేను వంగాను.

"నువ్వు పట్టకు" అంది.

ఆ కోడు తనే పట్టింది.

ఆ వారంలోనే ఆమె సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు వైపు ఒక అర్ర కిరాయికి తీసుకుంది. పట్నంలో కోతలు తక్కువ, వోల్టేజీ నయం. ఆ సంగతులన్నీ నాకు ఫిట్టరు చెప్పాడు, ఏసీ మార్చింది అతనే. అక్కడ విప్పడానికి ఒక రేటు, ఇక్కడ బిగించడానికి ఒక రేటు. విప్పినప్పుడు గ్యాసు పోయింది, నింపడానికి ఇంకొక రేటు. అర్ర కిరాయికిచ్చిన ఇంటాయన గోడకు బొక్క పెట్టనియ్యనన్నాడు. బతిమాలితే రెండింతలు అడ్వాన్సు అడిగాడు. ఖాళీ చేసేటప్పుడు బొక్క మూసి గోడంతా రంగు వేయించాలన్నాడు. కరెంటుకు వేరే మీటరు పెట్టించుకోమన్నాడు. మిగిలిన పదకొండు గొర్రెలూ ఒకే సంతలో పోయాయి. ఉంచుకున్నా కాసేదెవరు? పట్నంలో ఉండి గొర్రెలను ఎక్కడ తిప్పుతుంది? ఆమె ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది. పొద్దున ఆయనకు తినబెట్టి, ఏసీ వేసి, తలుపుకు గొళ్లెం పెట్టి పోయేది.

కోపంతో నేను ఎన్నోసార్లు దొంగ ఎవరా అని వెతికాను. సేటు బిల్లు ఇచ్చాడు. ఫిట్టరు తన రేటు తీసుకున్నాడు. ఇంటాయన తన గోడకు విలువ కట్టుకున్నాడు. నేను నా జీతం తీసుకున్నాను. ఎవరి చేతిలోనూ దొంగసొత్తు లేదు. ఇంతమందిమి మర్యాదగా, రసీదులు రాసి ఇచ్చి, ఒక మనిషి మందను మొత్తం తినేశాం. మాలో ఒక్కరు ఒక్కరోజు ముందు నోరు తెరిచి, అక్కా, ఇది మీ ఊళ్లో నడవదు, ముందే పట్నంలో అర్ర తీసుకో అని చెప్పి ఉంటే ఆమెకు సగం గొర్రెలన్నా మిగిలేవి. అది చెప్పడానికి ఏ సామానూ అక్కర్లేదు. ఆ ఒక్కటే ఫ్రీగా ఇవ్వగలిగింది, దాన్నే ఇవ్వలేదు.

ఆ మర్నాడే ఉద్యోగం మానేశానని రాసుకుంటే బాగుంటుంది. మానలేదు. ఆ దసరాకు సేటు జీతం పెంచితే స్వీటు డబ్బా కూడా పంచాను. ఇంకా ఏడాదిన్నర ఆ అద్దం వెనకే నిలబడి, "ఏం లేదు అన్నా, ఏం లేదు అక్కా" అంటూ ఏసీలు అమ్మాను. తేడా ఒక్కటే, ఆ మాట అనేటప్పుడు పంకా వైపు చూడలేకపోయేవాణ్ని.

ఆయన ఆ ఎండాకాలం దాటాడు. తర్వాతి ఎండాకాలమూ దాటాడు. వానలు పడ్డాక, వీపు మీది పుండు ముదిరి జ్వరం వచ్చి పోయాడు. ఆమె అర్ర ఖాళీ చేసి పోయేటప్పుడు ఇంటాయన, గోడకు రంగు వేయించకపోతే అడ్వాన్సు ఇవ్వనన్నాడట. ఏసీ విప్పడానికి, ఊరికి మోయించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. "దాన్ని నువ్వే ఉంచుకో" అనేసి, గొంగడి భుజాన వేసుకుని పోయిందట. ఇంటాయన కొడుకు ఇప్పుడు ఆ గదిలో చల్లగా పడుకుంటున్నాడు.

నేను ఆ పని మానేసి కోదాడలో మోటార్లు రిపేరు చేసే చోట చేరాను. ఆమె వేరేవాళ్ల మందకు జీతానికి కుదిరి వేములపల్లి దిక్కు పొలాల్లో తిరుగుతోందని ఈమధ్యనే ఫిట్టరు ఫోనులో చెప్పాడు. వరి కోతలయ్యాక ఎరువు కోసం రైతులు మందలను మళ్లలో పడుకోబెట్టించుకుంటారు కదా, ఆ పని.

గృహప్రవేశం నుంచి నేను ఇంటికి పోలేదు. మా ఆవిడను బంధువుల దగ్గరే ఉండమని చెప్పి, బండి తీసుకుని వేములపల్లికి పోయాను. ఇద్దరు ముగ్గురిని అడిగితే కాలువ అవతల ఒక మంద ఉందన్నారు. కాలిబాట మీద బండి ఆపాను. నిలువెండ. కోసేసిన మడిలో గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి, కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆమె గట్టు మీద నల్ల గొడుగు కింద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది.

"ఏసీ షాపు పిల్లగానివి గదా."

"ఆ పని ఇడిసిపెట్టిన అక్కా."

"ఎన్ని దినాలకు?"

"ఏడాదిన్నరకు."

ఆమె తలూపింది. నేను దారంతా కూడబలుక్కుని వచ్చిన మాట ఒక్కటే. దాన్ని చెప్పేశాను. "అక్కా, ఆ దినం కరెంటు పోలే. నేనే ఆపిన. సేటు ఆపమన్నడు."

"నాకెరికే. మావోడు గూడ సూసిండు." ఆమె మంద వైపే చూస్తూ మాట్లాడింది. గొంతు మళ్లీ ఎప్పటిలాగే పెద్దగా ఉంది, పొలం అవతలి వాళ్లకు కూడా వినపడేంత. "ఆటోల పోతాంటె చెప్పిండు. ఒళ్లు పెనం లెక్క కాలుతాంది, అయినా అదే మాట. ఆ పిల్లగాని మీద కోపం పడకే, వాని నౌకరి ఉండొద్దా, వానికి గూడ ఇల్లుంటది గదా అన్నడు. సచ్చిపోయేముందు గూడ ఒకపారి అన్నడు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అది చూసింది.

"ఆయన అట్లనే అంటడు. ఆయన మంచోడు" అంది. "నేను కోపం పడ్డ. ఇంక గూడ పడుతనే ఉన్న."

నేను అనడానికి వచ్చిందంతా అయిపోయింది. ఆమె గొడుగు మూసి లేచింది. నాలుకతో టకటకమని శబ్దం చేసింది. గొర్రెలు ఒకదాని కింద నుంచి ఒకటి తలలు బయటికి తీసి, కాలిబాట వైపు కదిలాయి.

"బండి తియ్యి" అంది. "దారికి అడ్డమున్నది."

బండిని కంపచెట్ల పక్కకు తోసి నిలబడ్డాను. మంద నా ముందు నుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది, వెనక ఆమె పోయింది. నా వైపు చూడలేదు.